మద్యం మీద ఊరి సభ: ఏ అంకెను ఎంతవరకు నమ్మాలి

మీ ప్రశ్న చదివాను. రాజోలు దగ్గరి మీ ఊళ్లో గ్రంథాలయం తరఫున మద్యం, గంజాయి సమస్యపై బహిరంగ చర్చ పెడుతున్నారు. డ్వాక్రా సంఘాల మహిళలు బెల్టు షాపులు ఎత్తేయాలంటున్నారు. కొందరు పెద్దలు సంపూర్ణ నిషేధం తప్ప దారి లేదంటున్నారు. దుకాణం మూస్తే లంకల్లో మళ్లీ సారా బట్టీలు పొగలేస్తాయని ఇంకొందరి భయం. "నిషేధం మంచిదో కాదో తేల్చిన పరిశోధన ఏది? రెండు మూడు పత్రాల పేర్లు చెబితే సభలో చదివి వినిపిస్తాను" అని అడిగారు.

అలా తేల్చేసిన పత్రం లేదు. ఉందని ఎవరైనా మీ చేతిలో పెడితే అనుమానించండి. సామాజిక వైద్య విభాగంలో పాఠాలు చెబుతూ, ఇరవై ఏళ్లకు పైగా కోనసీమలోనూ కాకినాడ చుట్టుపక్కలా ఇల్లిల్లూ తిరిగి సర్వేలు చేశాను. ఆ అనుభవంతో ఒక్క మాట చెబుతాను. సభలోకి ఒక అంకెను తీసుకువెళ్లే ముందు, అది పుట్టిన చోటుకు మీరు ఒకసారి వెళ్లి రావాలి. ఎవరిని అడిగారు, ఎప్పుడు అడిగారు, ఏమని అడిగారు, పక్కన ఎవరున్నారు? ఇవి తెలియకుండా చదివే అంకె రెండు పక్షాల్లో ఎవరికి కావాలంటే వారికి ఆయుధమవుతుంది.

మన రాష్ట్రం అంకెతోనే మొదలుపెడదాం. మీ సభలో ఎవరో ఒకరు దీన్ని తప్పకుండా ఎత్తుతారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత 2015-16లో జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో మగవారిలో మద్యం తాగేవారు 34.9 శాతమని అందులో ఉంది. ఐదో విడతలో అది 23.3 శాతం. దశలవారీ నిషేధం వల్లే తాగేవారు తగ్గారని ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చెప్పినవారు ఉన్నారు. కానీ మొదటి అంకె 15 నుంచి 49 ఏళ్ల వారిది, రెండోది 15 దాటిన మగవారందరిదీ. ఐదో సర్వే వివరపత్రం తెరిచి చూడండి, ఈ అంశం ఎదురుగా పాత సర్వే గడిలో అంకె ఉండదు. పోల్చకూడదనే ఆ గడిని అలా వదిలారు. రెండో సంగతి ఇంకా ముఖ్యం. మన రాష్ట్రంలో ఐదో విడత సర్వే బృందాలు 2019 జూలై నుంచి నవంబరు వరకు తిరిగాయి. మద్యం దుకాణాలను ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకున్నది 2019 అక్టోబరు 1న. ధరలు 75 శాతం పెరిగినది 2020 మే నెలలో. సర్వే చాలావరకు ముగిశాక వచ్చిన విధానానికి ఆ సర్వేలోని తగ్గుదలను ఎలా కట్టబెడతాం? తాగేవారు తగ్గి ఉండవచ్చు, తగ్గకపోయీ ఉండవచ్చు. ఈ రెండు అంకెలు మాత్రం ఆ సాక్ష్యం చెప్పలేవు.

జిల్లా అంకెలతోనూ ఇదే జాగ్రత్త. 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత సర్వేల్లో "తూర్పు గోదావరి" అంటే రంపచోడవరం కొండల నుంచి అంతర్వేది సముద్రం దాకా. ఇప్పటి కోనసీమ జిల్లాకు ఆ సగటును అంటించకండి. ఏజెన్సీలో జీలుగు కల్లుకూ మీ ఊరి క్వార్టర్ సీసాకూ మధ్య చాలా దూరం ఉంది.

ఇప్పుడు అడిగే తీరు గురించి. దీనిమీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను నేర్చుకున్నదంతా ఇక్కడే. ఒక లంక గ్రామంలో ఒకామెను ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, మీ ఇంట్లో ఎవరైనా మద్యం తాగుతారా అని అడిగాను. అత్తగారు పక్కనే కొబ్బరి ఈనెలు చీలుస్తోంది. "మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదండి" అంది. "లేదు" గడిలో గుర్తు పెట్టుకున్నాను. పని ముగించుకుని పడవ రేవుకు నడుస్తుంటే బిందె పట్టుకుని వెనకే వచ్చింది. ఏటిగట్టు దిగాక బిందె కింద పెట్టి, "డాక్టరమ్మా, కోతలప్పుడు వచ్చిన కూలిలో సగం ఇంటికి రాదు" అంది. కొడుకు బడి ఫీజు కోసం చెవి దిద్దులు ఎక్కడ కుదువ పెట్టిందో కూడా చెప్పింది. నా చేతిలో ఉన్న కాగితంలో మాత్రం ఆ ఇల్లు మద్యం లేని ఇల్లు. ఆ ఊరి లెక్క తేలినప్పుడు అలాంటి "లేదు"లు ఇంకెన్ని ఉండి ఉంటాయోనని నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత మా పద్ధతి మార్చుకున్నాం. ఆడవారిని ఆడవారే అడగాలి. ఇంటి ముందు కాదు, ఒంటరిగా మాట్లాడగలిగే చోట అడగాలి. "తాగుతారా" అని కాక, "గత వారంలో ఇంటికి రావలసిన కూలి ఎన్ని రోజులు పూర్తిగా వచ్చింది" అని అడగాలి. మగవారికైతే ఒక స్టీలు గ్లాసు, చెంబుతో నీళ్లు ఇచ్చి, మీరు మామూలుగా పోసుకునేంత పోసి చూపించండి అనేవాళ్లం. కొబ్బరి దింపు పనిచేసే ఒకాయన "ఒక్క పెగ్గే" అంటూ గ్లాసు సగానికి పైగా నింపాడు. ఆ నీటిని కొలజాడీలో పోసి ఆయన కళ్లముందే కొలిచాం. ఆ గీత ఆయనకూ ఆశ్చర్యమే. పక్కనున్న తమ్ముడు గ్లాసు తీసుకుని తానూ పోసి చూపించాడు. ఆ పది నిమిషాల్లో ఆ అరుగు మీద నడిచిన మాటలు నేను తర్వాత ఎన్నో ఉపన్యాసాల్లో వినలేదు. మీ సభలోనూ ఈ పని చేయండి. ఖర్చు లేదు, ఎవరినీ తప్పుపట్టినట్టు ఉండదు.

ఈ కొలత ఎందుకంటే, "ఒక్క క్వార్టరే కదా" అన్న మాట వెనక ఏముందో చాలామందికి తెలియదు. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాలు సాధారణంగా 42.8 శాతం. అంటే ఆ సీసాలో సుమారు 77 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలు, తూకంలో దాదాపు 61 గ్రాములు. తాగుడు హానికర స్థాయికి చేరిందో లేదో పట్టుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల ఆడిట్ (AUDIT) పరీక్షలో ఒక పానీయం అంటే 10 గ్రాముల ఆల్కహాలు. అందులో మూడో ప్రశ్న, ఒకే కూర్చోవడంలో ఆరు పానీయాలు లేదా అంతకు మించి ఎంత తరచుగా తాగుతారు అని. రోజూ సాయంత్రం ఒక్క క్వార్టర్ తాగే మనిషి రోజూ ఆ గీత దగ్గరే ఉన్నాడన్నమాట. ఆయన దృష్టిలో తాను మితంగా తాగేవాడు. అబద్ధం చెప్పడం లేదు, కొలత తెలియక అంటున్నాడు.

అమ్మకాల లెక్కలోనూ ఇదే తేడా దాగి ఉంటుంది. పత్రికల్లో "ఇన్ని లక్షల కేసులు తగ్గాయి" అని వస్తుంది, కేసు అంటే ఇక్కడ సీసాల పెట్టె. క్వార్టర్ సీసాలు 48 ఉన్న మద్యం కేసులో శుద్ధ ఆల్కహాలు సుమారు 3.7 లీటర్లు. 650 మిల్లీలీటర్ల బీరు సీసాలు 12 ఉన్న కేసులో, 5 శాతం బీరైతే 0.4 లీటరు కూడా ఉండదు. ఒక మద్యం కేసు సుమారు తొమ్మిదిన్నర బీరు కేసులతో సమానం. బీరు అమ్మకం బాగా పడిపోయి మద్యం అమ్మకం కొద్దిగా పెరిగినా, మొత్తం కేసులు తగ్గినట్టే కనిపిస్తాయి, ఒంట్లోకి వెళ్లిన ఆల్కహాలు తగ్గి ఉండకపోవచ్చు. కాబట్టి సభలో కేసుల లెక్క ఎవరు చెప్పినా, మద్యం ఎంత, బీరు ఎంత అని విడిగా అడగండి. రూపాయల లెక్క చెబితే ఇంకా జాగ్రత్త. ధర పెరిగితే సరుకు తగ్గినా ఆదాయం తగ్గదు. ఆదాయం పెరిగింది కాబట్టి తాగుడు పెరిగిందనడమూ తప్పే, కేసులు తగ్గాయి కాబట్టి తాగుడు తగ్గిందనడమూ తప్పే.

ధర పెంచితే తాగుడు తగ్గుతుందా అన్న ప్రశ్నకు మాత్రం లోకంలో గట్టి జవాబే ఉంది. మద్యం హానిని తగ్గించే మార్గాల్లో పన్ను పెంచడం, దొరికే చోట్లూ వేళలూ తగ్గించడం, ప్రకటనలు ఆపడం ముందు వరుసలో ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటి నుంచో చెబుతోంది. స్కాట్లాండులో 2018 మే నుంచి మద్యానికి కనీస ధర పెట్టారు. కేవలం మద్యం వల్ల వచ్చే మరణాలు, ఆ ధర లేకపోతే ఉండేవాటికన్నా 13.4 శాతం తగ్గాయని 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. అదే దేశంలో, మద్యానికి పూర్తిగా బానిసలైన వారిలో తాగుడు తగ్గినట్టు స్పష్టమైన ఆధారం దొరకలేదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పాలి. ఒకటి వదిలేస్తే మీరు ప్రచారం చేసినట్టే.

స్కాట్లాండుకు యానాం లేదు. ఇదే మన డెల్టాలో పరిశోధనను తెచ్చి అతికించేటప్పుడు ముందుగా గుర్తుంచుకోవలసినది. ముప్పై చదరపు కిలోమీటర్ల యానాం పుదుచ్చేరి కింద ఉంది. అక్కడి పన్ను వేరు, ధర వేరు. 1995లో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ నిషేధం పెట్టినప్పుడూ యానాంలో దుకాణాలు తెరిచే ఉన్నాయి. వంతెన లేని ఆ రోజుల్లో ఎదుర్లంక రేవు నుంచి పంటు దాటి వెళ్లి వచ్చేవారు. ఇప్పుడు వంతెన ఉంది, మోటారు సైకిలు మీద కొద్ది నిమిషాలు. ఇక లంకలు, మడ అడవులు, ఏటి పాయలు ఉండనే ఉన్నాయి. నల్లబెల్లం, పటిక, నవాసారం దొరికితే ఊట వేయడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఎక్సైజు పడవ శబ్దం అరమైలు ముందే వినిపిస్తుంది. అందుకే ఇక్కడ ధర ప్రశ్నను ఒంటరిగా అడగకూడదు. ధర ఎంత పెరిగితే మనిషి తాగడం తగ్గిస్తాడు, ఎంత పెరిగితే సారాకో పక్క ప్రాంతపు సీసాకో మళ్లుతాడు అని కలిపి అడగాలి.

2020లో జరిగినది గుర్తు చేసుకోండి. లాక్‌డౌన్‌లో దుకాణాలు మూశారు, తెరిచాక ధర 75 శాతం పెంచారు. ఆ జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. సెప్టెంబరులో చౌక రకాల ధరలు తగ్గించారు. 2024 అక్టోబరులో విధానం మళ్లీ మారింది. 3,396 ప్రైవేటు దుకాణాలు వచ్చాయి, 99 రూపాయలకు క్వార్టర్ వచ్చింది. ఐదేళ్లలో ధర ఇంతగా పెరిగి ఇంతగా తగ్గిన రాష్ట్రాలు అరుదు. పరిశోధకులకు ఇంతకన్నా పెద్ద ప్రయోగశాల దొరకదు. ఈ ఐదేళ్ల ఆసుపత్రి రికార్డులు, ప్రమాదాల రికార్డులు, గృహహింస ఫిర్యాదులు ఊరివారీగా తీసి ఒకచోట పెట్టి చూడాలని నేను చాలాచోట్ల అడిగాను, ఇంకా అడుగుతూనే ఉంటాను. మీ దగ్గరి కళాశాల విద్యార్థులు మీ మండలం మేరకైనా ఆ పని చేయగలరు.

నిషేధం కావాలనే పెద్దలు బీహార్ పేరు ఎత్తుతారు. ఎత్తనివ్వండి, అక్కడ నిజంగా బలమైన అధ్యయనం ఉంది. 2016 ఏప్రిల్‌లో బీహార్ నిషేధం పెట్టింది. కుటుంబ ఆరోగ్య సర్వేల ఆధారంగా, పక్క రాష్ట్రాలతో పోల్చి చేసిన విశ్లేషణ 2024లో లాన్సెట్ ఆగ్నేయాసియా పత్రికలో వచ్చింది. రోజూ లేదా వారం వారం తాగే మగవారి సంఖ్యలో సుమారు 24 లక్షలు తగ్గి ఉంటుందని, భర్త చేతి హింస సుమారు 21 లక్షల మంది మహిళలకు తప్పి ఉంటుందని అందులో అంచనా వేశారు. నిషేధం వల్ల ఒరిగేదేమీ లేదనేవారు దీన్ని ఒప్పుకుని తీరాలి. అలాగే నిషేధం కోరేవారు 2022 డిసెంబరులో అదే బీహార్‌లోని సారణ్ జిల్లాలో కల్తీసారా తాగి పదుల సంఖ్యలో చనిపోయిన సంగతినీ, కేసుల్లో ఇరుక్కుని జైళ్లకు వెళ్లిన వారిలో పేదలే ఎక్కువన్న సంగతినీ ఎదుర్కోవాలి. ఇంకొకటి. తాగడం నేరమైన చోట "నువ్వు తాగుతావా" అని అడిగితే ఎందరు అవునంటారు? తాగుడు లెక్కలో ఈ సందేహం ఉంటుంది. హింస గురించి చెప్పినది మహిళలు, దానికి ఈ భయం అంతగా వర్తించదు. అందుకే ఆ అధ్యయనంలో నాకు ఎక్కువ బరువుగా తోచేది హింస గురించిన భాగం. రేవు దగ్గర బిందె దించిన ఆమె గుర్తొస్తుంది కాబట్టి కూడా కావచ్చు.

మరణాల లెక్క దగ్గర మనకున్నంత చీకటి మరెక్కడా లేదు. 2022 మార్చిలో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా జంగారెడ్డిగూడెంలో వరుసగా మరణాలు సంభవించాయి. కల్తీసారా వల్లేనని ప్రతిపక్షం, కాదు ఇతర కారణాలతోనని ప్రభుత్వం, శాసనసభ రోజుల తరబడి అట్టుడికింది. ఆ వాదన తేలకపోవడానికి ఒక కారణం చాలా మామూలుది. అనుమానం వచ్చేసరికే కొందరి అంత్యక్రియలు అయిపోయాయి. దేశం మొత్తం మీద 2020లో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగతావి "గుండెపోటు", "జ్వరం", "వృద్ధాప్యం" అన్న మాటలతో పుస్తకంలోకి ఎక్కుతాయి. మిథనాలు అనే విషపు ఆల్కహాలు కలిసిన సారా తాగిన మనిషికి ముందు చూపు మసకబారుతుంది, కడుపులో నొప్పి, ఆయాసం వస్తాయి. ఇంట్లోవాళ్లు దాన్ని మత్తు అనుకుంటారు. ఊళ్లో రెండు రోజుల్లో ఇద్దరికి చూపు మసకబారిందంటే వెంటనే ఆసుపత్రికి చేర్చాలని, మరణం జరిగితే శవపరీక్ష అడగాలని మీ సభలో చెప్పండి. అది జరిగితే ప్రాణాలు దక్కుతాయి, నిజమూ దక్కుతుంది.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఒక పట్టణంలో జరిగిన సమావేశంలో, ఆసుపత్రికి వచ్చే మద్యం రోగులు ఒక్క ఏడాదిలో బాగా పెరిగారని పటం గీసి చూపించాను. మర్నాడు ఒక పత్రికలో "తాగుబోతుల జిల్లా" అని శీర్షిక వచ్చింది. రోగులు పెరగడానికి నాకు తెలిసిన కారణం ఉంది. ఆ ఏడాదే అక్కడికి మానసిక వైద్యుడు వచ్చారు, వారానికి రెండు రోజులు వ్యసన విముక్తి ఓపీ మొదలుపెట్టారు. అంతకు ముందు రావడానికి చోటే లేదు. ఈ మాట నేను పటం మీద రాయలేదు, నోటితో చెప్పాను, అదీ చివర్లో. తర్వాత కొన్ని వారాల పాటు ఆ ఓపీకి వచ్చేవారు తగ్గిపోయారు, చుట్టాలు చూస్తారని. చికిత్సకు ధైర్యం చేసి వచ్చిన మనుషులను నా పటమే వెనక్కి పంపింది. అప్పటి నుంచి, అంకెను తప్పుగా చదివే అవకాశం ఎక్కడుందో ఆ అంకె పక్కనే, అంత పెద్ద అక్షరాలతోనే రాస్తాను. విలేకరులకు ముందే కాగితం ఇచ్చి, ఈ లెక్కను బట్టి ఏది చెప్పకూడదో ఒక వాక్యం కింద గీత గీసి ఇస్తాను. మీరూ అలాగే చేయండి.

గంజాయి దగ్గరికి వస్తే, పట్టుబడిన కిలోల లెక్కను వాడకం లెక్కగా ఎవరినీ చెప్పనివ్వకండి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు సుమారు రెండు లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. అది విశాఖ ఏజెన్సీ, ఒడిశా సరిహద్దుల సాగును, పోలీసుల తనిఖీని చూపిస్తుంది. జాతీయ రహదారి మీద రాజమహేంద్రవరం దాటి బయటి రాష్ట్రాలకు వెళ్లే సరుకే అందులో చాలా ఉంటుంది. మీ ఊరి కుర్రవాళ్లు ఎంత కాలుస్తున్నారో అది చెప్పదు. తనిఖీలు పెరిగితే పట్టుబడేది పెరుగుతుంది, తనిఖీలు తగ్గితే తగ్గుతుంది. వాడకానికి వేరే సర్వే కావాలి. 2019లో ఎయిమ్స్ వారి వ్యసన చికిత్సా కేంద్రం ప్రచురించిన జాతీయ సర్వేలో గంజాయి, భంగు వంటివి వాడేవారు 2.8 శాతం, మద్యం తాగేవారు 14.6 శాతం. అదే సర్వేలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది పీల్చే పదార్థాల లెక్క. పెద్దల్లో 0.58 శాతమైతే పిల్లల్లో 1.17 శాతం. పిల్లల్లో పెద్దలకన్నా ఎక్కువగా ఉన్న మత్తు అదొక్కటే. పంక్చరు అతికించే సొల్యూషను, వైట్‌నరు అందరికీ కనిపించే సరుకులే కాబట్టి వాటి మీద కేసులూ ఉండవు, వార్తలూ ఉండవు.

బడుల్లో పుర్రె బొమ్మలు చూపించి భయపెట్టే ఉపన్యాసాలకు ఫలితం ఉంటుందని ఆధారాలు చెప్పడం లేదు. అమెరికాలో 1983లో మొదలై పోలీసులే బడికి వచ్చి పాఠం చెప్పిన డేర్ కార్యక్రమాన్ని ఎన్నోసార్లు పరీక్షించారు. పిల్లల వాడకంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తోటివాడు ఇచ్చినప్పుడు ఎలా కాదనాలో సాధన చేయించే తరగతులు అంతకన్నా మేలని తేలింది. ఇంకా ఒక చట్టం సంగతి మీ సభలో తల్లిదండ్రులకు చెప్పండి. మాదకద్రవ్యాల చట్టం 1985లోని 64ఎ సెక్షను ప్రకారం, కొద్ది పరిమాణం కేసులో ఉన్న వ్యసనపరుడు తనంత తాను గుర్తింపు పొందిన చోట చికిత్సకు వెళితే ప్రాసిక్యూషను నుంచి రక్షణ ఉంది, మధ్యలో మానేస్తే అది పోవచ్చు. గంజాయికి కొద్ది పరిమాణం అంటే కిలో వరకు. కేసవుతుందన్న భయంతో పిల్లవాడిని గదిలో పెట్టి దాచే తల్లులను చూశాను. వారికి ఈ సంగతి ముందే తెలిసి ఉంటే బాగుండేది.

మీ చర్చలో ఎవరూ ఎత్తని విషయం చికిత్స. మీరే ఎత్తాలి. మద్యానికి బానిసైనవారు దేశంలో 2.9 కోట్ల మంది అని ఆ ఎయిమ్స్ సర్వే అంచనా. వారిలో ప్రతి 38 మందిలో ఒక్కరే ఏదో ఒక సాయం అందిందని చెప్పారు. నిషేధం ఉండాలనేవారైనా వద్దనేవారైనా ఈ అంకె దగ్గర ఒక్కటి కాగలరు. పెద్ద ఆసుపత్రులే కావాలని కూడా లేదు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, వైద్యులు కాని సామాన్య సలహాదారులకు శిక్షణ ఇచ్చి, హానికరంగా తాగే మగవారితో కొన్ని విడతలు మాట్లాడించారు. మూడు నెలలకు ఆ సలహా అందినవారిలో 36 శాతం మంది ప్రమాదపు గీత కిందికి వచ్చారు, మామూలు వైద్యమే అందినవారిలో 26 శాతం. 2017లో లాన్సెట్‌లో వచ్చింది. వందలో పదిమంది తేడా చిన్నదనిపించవచ్చు. మీ ఊరి పదిమంది మగవారి పేర్లు మనసులో అనుకుని చూడండి.

డబ్బు ఎవరిదో కూడా అడగండి. రోజుకో పెగ్గు గుండెకు మంచిదన్న మాట మీ సభలో తప్పకుండా వస్తుంది. దాన్ని పరీక్షించడానికి అమెరికాలో మొదలుపెట్టిన భారీ అధ్యయనాన్ని, మద్యం కంపెనీల డబ్బు తెచ్చిన తీరు బయటపడ్డాక 2018లో మూసేశారు. పాత అధ్యయనాల్లో ఇంకో లోపం ఉంది. జబ్బుచేసి తాగడం మానేసినవారిని "తాగనివారి" జాబితాలో వేసేవారు. దాంతో తాగనివారు రోగిష్టివాళ్లుగా, కొద్దిగా తాగేవారు ఆరోగ్యవంతులుగా కనిపించారు. ఇక మన దగ్గర మద్యం మీద పన్ను తీసుకునేదీ ప్రభుత్వమే, లెక్కలు ప్రకటించేదీ ప్రభుత్వమే. ఏ పార్టీ ఉన్నా ఇది అంతే. అందుకే పక్కన ఇంకో లెక్క ఉండాలి, అది ఊరు వేసుకున్న లెక్క కావాలి.

నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగినది అదే. అక్షరాస్యత తరగతుల్లో చదవడం మొదలుపెట్టిన ఆడవారు, వాచకంలో తమ కథలాంటి సీతమ్మ కథ చదివి, తమ ఇంటి కూలి ఎటు పోతోందో తామే మాట్లాడుకున్నారు. రోసమ్మ ముందు నిలబడింది. అది జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం దాకా వెళ్లింది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధాన్ని 1997లో సడలించారు. వారికి ఎవరూ పట్నం నుంచి పత్రాలు తెచ్చి చదివి వినిపించలేదు. ఆ లెక్క వారిది, అందుకే దాన్ని ఎవరూ కొట్టిపారేయలేకపోయారు.

కాబట్టి సభకు మూడు వారాల ముందు మొదలుపెట్టండి. డ్వాక్రా సంఘాల నుంచి నలుగురు, కళాశాల విద్యార్థినులు నలుగురు ఇళ్లకు వెళ్లాలి. పేర్లు రాయకూడదు, ఇంటి నంబరూ రాయకూడదు. వారం కూలి ఎంత, ఇంటికి ఎంత వచ్చింది, బెల్టు షాపు ఎంత దూరం, చివరిసారి దెబ్బలు ఎప్పుడు అన్న నాలుగు ప్రశ్నలు చాలు. చివరి ప్రశ్న అడిగే ముందు చుట్టూ చూసుకోమని వారికి నేర్పండి. గీత కార్మికులను వేరుగా కలవండి. తాటి కల్లు గీసి బతికేవారిని సారా కాచేవారితో కలిపి మాట్లాడితే వారు సభకే రారు, వారు చెప్పాల్సినది చాలా ఉంది. తాగే మగవారిని కూడా పిలవండి, ముద్దాయిలుగా కాదు. సభలో "నిషేధమా, కాదా" అని చేతులెత్తించకండి. బెల్టు షాపు ఎత్తేద్దామా, దుకాణం వేళలు తగ్గించమని అడుగుదామా, ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒక రోజు సలహాదారు కావాలని తీర్మానిద్దామా అని ఒక్కొక్కటిగా తీసుకోండి. ఒక్కోదానికి ఉన్న ఆధారం ఎంత గట్టిదో మీరు చెప్పండి. ఎంచుకోవడం ఊరి పని.

ఒక జాగ్రత్త మాత్రం తప్పక తీసుకోండి. ఇలాంటి సభల్లో ఎవరో ఒకరు ఉద్వేగంతో లేచి, రేపటి నుంచి చుక్క ముట్టనని అందరి ముందు ఒట్టు పెడతారు. చప్పట్లు కొట్టి పంపేయకండి. పక్కకు పిలిచి, రోజుకు ఎంత తాగుతున్నాడో, పొద్దున లేవగానే చేతులు వణుకుతాయా, ఎప్పుడైనా మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా అని అడగండి. అవునంటే ఆయన ఒక్కసారిగా ఆపకూడదు. రెండు మూడు రోజుల్లో మతిభ్రమ, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఆరోగ్య కేంద్రం డాక్టరుకు ముందు రోజే చెప్పి ఉంచండి, ఆ సాయంత్రమే ఆయనను అక్కడికి తీసుకువెళ్లండి, ఇంటివారి ఫోనులో వ్యసన విముక్తి జాతీయ సహాయ నంబరు 14446 ఎక్కించి పంపండి.